లైకమింగ్ క్రాంక్‌షాఫ్ట్ ముక్కులోని ప్లగ్ తీసే విధానం

ఇంట్లో ఆర్‌వీ (కిట్‌గా వచ్చే చిన్న విమానం) కట్టుకునేవాళ్లలో చాలామంది కొత్త ఇంజన్ ధర చూసి లైకమింగ్ కంపెనీ పాత ఇంజన్ ఓ-320 గానీ ఓ-360 గానీ కొంటారు. ఆ ఇంజన్ అంతకుముందు ఫిక్స్‌డ్ పిచ్ ప్రొపెల్లర్‌తో (బ్లేడ్ల వాలు, అంటే పిచ్, మారనిది) ఎగిరి ఉంటే, దానికి కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ (ఆర్‌పీఎం నిలిచేలా బ్లేడ్ల వాలు మారేది) పెట్టాలనుకున్నప్పుడు క్రాంక్‌షాఫ్ట్ ముక్కులోంచి, అంటే ప్రొపెల్లర్ బిగించే ముందు కొసలోంచి, ప్లగ్ అనే ఒక ఇనుప బిళ్ల తీయాలి. అరచేతిలో ఇమిడిపోయే బిళ్ల అది. తీయడానికి అరగంట చాలు. కానీ ఆ బిళ్ల వెనక ఇంకో బిళ్ల ఉంటుంది. అసలు పని దానితోనే. ముందుది తీసి వెనకది చూడకుండా ప్రొపెల్లర్ బిగిస్తే మొదటి టేకాఫ్‌లోనే ఆర్‌పీఎం ఎర్రగీత (గరిష్ఠ హద్దు) దాటిపోతుంది.

ఎందుకో ముందుగా అర్థం చేసుకుంటే మిగతా పనంతా దానంతట అదే తెలుస్తుంది. కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్‌కు పనికొచ్చే లైకమింగ్ షాఫ్ట్ ముందు భాగం బోలుగా ఉంటుంది. ప్రొపెల్లర్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ ఇంజన్ ఆయిల్‌ను తీసుకుని, దాని ప్రెషర్ ఇంకా పెంచి, ముందు మెయిన్ బేరింగ్ దగ్గర షాఫ్ట్‌లోకి పంపుతుంది. ఆ ఆయిల్ బోలు గుండా ముందుకు వెళ్లి ప్రొపెల్లర్ హబ్‌లోని పిస్టన్‌ను తోస్తుంది. ఆర్‌వీలకు సాధారణంగా వాడే రెండు బ్లేడ్ల హార్ట్‌జెల్ కంపెనీ ప్రొపెల్లర్‌లో ప్రెషర్ పెరిగితే పిచ్ పెరుగుతుంది, ప్రెషర్ పోతే బ్లేడ్లు ఫైన్ పిచ్‌కు (తక్కువ వాలుకు) వచ్చేస్తాయి. అంటే ఆయిల్‌కు ముందువైపు దారి తెరిచి ఉండాలి, వెనకవైపు దారి పూర్తిగా మూసి ఉండాలి. ఆ వెనక మూత పనే రెండో ప్లగ్‌ది.

ఫిక్స్‌డ్ పిచ్‌లో అంతా తలకిందులు. అక్కడ ముందు ప్లగ్ మూసి ఉంటుంది, వెనక ప్లగ్‌కు మధ్యలో కావాలనే ఒక బెజ్జం పొడిచి ఉంటుంది, లేదా ఆ ప్లగ్ అసలు ఉండదు. బేరింగ్ దగ్గర ఊరిన ఆయిల్ బోలులో చేరి ప్రెషర్ కడితే ముందు ప్లగ్‌ను బయటికి తన్నేస్తుంది. అలా జరగకుండా ఆయిల్ వెనక్కి, క్రాంక్‌కేస్‌లోకి జారిపోవడానికే ఆ బెజ్జం. లైకమింగ్ సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్ 1435 ఈ రెండు అమరికల గురించే. పని మొదలెట్టే ముందు దాని తాజా ప్రతిని తెచ్చుకుని మీ మోడల్‌కు ఏం రాశారో చదవండి. ఇక్కడ రాసింది దానికి తోడే గానీ దానికి బదులు కాదు.

షాఫ్ట్ నిజంగా బోలుదేనా?

ఇది డబ్బు కట్టకముందే చూసుకోవలసిన విషయం. అన్ని లైకమింగ్ షాఫ్ట్‌లూ బోలువి కావు. ఓ-360-ఏ4ఏ లాంటి మోడళ్లలో షాఫ్ట్ సాలిడ్‌గా వస్తుంది. దానికి హైడ్రాలిక్ ప్రొపెల్లర్ పనికిరాదు, ఏ ప్లగ్ తీసినా లాభం లేదు. ఓ-360-ఏ1ఏకు బోలు షాఫ్ట్ ఉంటుంది. అయితే డేటా ప్లేట్ ఒక్కదాన్నే నమ్మకండి. ముప్పై, నలభై ఏళ్లు తిరిగిన ఇంజన్‌లో ఎప్పుడో ఓవర్‌హాల్ చేసినప్పుడు షాఫ్ట్ మార్చి ఉండవచ్చు. లాగ్‌బుక్‌లో షాఫ్ట్ పార్ట్ నంబర్ వెతకండి, ప్రొపెల్లర్ తీసి టార్చి వేసి కళ్లారా చూడండి.

బోలు షాఫ్ట్ ఉన్నంత మాత్రాన మిగతావన్నీ ఉన్నట్టు కాదు. వెనక యాక్సెసరీ కేస్ మీద గవర్నర్ పెట్టే ప్యాడ్‌కు మూత ఉంటుంది. ఆ మూత విప్పి, ఎవరినైనా షాఫ్ట్ నెమ్మదిగా తిప్పమని, లోపల డ్రైవ్ తిరుగుతోందో లేదో చూడండి. మూత ఉండి గేర్లు లేని ఇంజన్లు ఉంటాయి. గవర్నర్ నుంచి ముందు బేరింగ్‌కు వెళ్లే ఆయిల్ పైపు స్టీల్‌దే ఉండాలి. ముందు మెయిన్ బేరింగ్ మీ మోడల్‌కు గవర్నర్ ఆయిల్ అందించే రకమో కాదో పార్ట్స్ కేటలాగ్‌లో సరిపోల్చుకోండి. వీటిలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా ప్లగ్ జోలికి వెళ్లకండి, ఇంజన్ విప్పే పని పడుతుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

మంచి టార్చి, వీలైతే బోరోస్కోప్. పదునైన సెంటర్ పంచ్, గట్టి స్టీల్ పంచ్, మధ్యస్థం సుత్తి. స్లైడ్ హామర్ (రాడ్డు మీద బరువు జార్చి వెనక్కి లాగే సుత్తి), దాని కొసకు బిగించే దిట్టమైన రేకు స్క్రూ. వెనక ప్లగ్ దాకా చేరేంత పొడవు రాడ్డు. గ్రీజు, పెన్నులా ఉండే అయస్కాంతం, మినరల్ స్పిరిట్స్, పోగులు రాలని గుడ్డలు, ప్లాస్టిక్ గోకుడు బద్ద, ఆయిల్ పట్టే ట్రే, నైట్రైల్ గ్లవ్స్. కొత్త వెనక ప్లగ్ ఒకటి కాదు, రెండు తెప్పించుకోండి. మొదటిది వంకరగా కూర్చుంటే రెండోది చేతిలో ఉండాలి. ఒకసారి కొట్టిన ప్లగ్‌ను మళ్లీ వాడకూడదు. పార్ట్ నంబర్ మీ ఇంజన్ కేటలాగ్ నుంచే తీసుకోండి, పక్కవాళ్ల ఇంజన్ నంబర్ పనికిరాదు.

ముందు ప్లగ్

బ్యాటరీ విడదీయండి. నాలుగు సిలిండర్ల పై స్పార్క్ ప్లగ్‌లూ తీసేయండి. మాగ్నెటో (స్పార్క్‌కు కరెంటు పుట్టించేది) స్విచ్ ఆఫ్‌లో ఉంది కదా అనుకోవద్దు. ఆఫ్ అంటే మాగ్నెటోను పీ-లీడ్ అనే తీగ ద్వారా గ్రౌండ్ చేయడం, అంతే. ఆ తీగ ఊడితే స్విచ్ ఎటున్నా మాగ్నెటో బతికే ఉంటుంది, షాఫ్ట్ తిప్పినప్పుడు ఇంజన్ ఎగదన్నవచ్చు. పై స్పార్క్ ప్లగ్‌లు తీస్తే ఆ భయం పోతుంది, షాఫ్ట్ కూడా తేలిగ్గా తిరుగుతుంది.

తర్వాత ఇంజన్ ముక్కును కిందికి వంచండి. స్టాండ్ మీద ఉంటే స్టాండ్ వెనక ఎత్తు పెట్టండి, టెయిల్‌వీల్ విమానానికి బిగించి ఉంటే తోక ఎత్తి స్టాండ్ మీద ఆనించి కట్టేయండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. రాలే ఇనుప రజను బయటికి జారాలి గానీ వెనక్కి, బేరింగ్‌ల వైపు పోకూడదు.

ఫ్లాంజ్ (షాఫ్ట్ కొసన ప్రొపెల్లర్ బిగించే చక్రం) మధ్యలోని బోరులోకి టార్చి వేస్తే కాస్త లోపలగా ప్లగ్ కనిపిస్తుంది. ఉబ్బు మీ వైపు ఉంటుంది. దాని మీది పెయింటు, జిడ్డు తుడవండి. ట్రాక్టర్ ఇంజన్ల మీద పనిచేసినవాళ్లకు నీళ్ల జాకెట్ డమ్మీ ప్లగ్‌లు కొట్టి తీయడం అలవాటే. అంచు మీద ఒక దెబ్బ వేసి, బిళ్ల అడ్డం తిరగ్గానే ప్లయర్‌తో లాగేస్తారు. ఆ పద్ధతి ఇక్కడ పొరపాటున కూడా వద్దు. బిళ్ల అడ్డం తిరిగేటప్పుడు దాని పదునైన అంచు బోరు గోడను గీస్తుంది. ట్రాక్టర్ బ్లాక్‌లో ఆ గీతకు సీలెంట్ రాస్తే సరిపోతుంది. ఇది మాత్రం ప్రొపెల్లర్ లాగుడు, వంపు, మెలి అన్నీ మోసే షాఫ్ట్. దీని మీద గీత అంటే పగులుకు మొదలు. స్క్రూడ్రైవర్‌ను బోరు అంచుకు ఆనించి ఎత్తడం కూడా ఇలాంటి తప్పే.

కాబట్టి నడిమధ్యలో సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టి, స్టీల్ పంచ్‌తో బెజ్జం పొడవండి. ప్లగ్ రేకు పలచనే, రెండు మూడు దెబ్బలకు దిగుతుంది. డ్రిల్ కంటే పంచ్ మేలు, రజను రాలదు. డ్రిల్ తప్పదనుకుంటే బిట్‌కు గ్రీజు దట్టంగా పూయండి, కొసకు కాస్త వెనక టేపు చుట్టి అక్కడికి రాగానే ఆపండి, నాలుగు చుట్లకొకసారి బిట్ బయటికి తీసి గ్రీజు తుడిచి మళ్లీ పూయండి. బెజ్జం పడగానే నల్లటి ఆయిల్ కారవచ్చు, ట్రే కింద ఉంచండి.

రేకు స్క్రూను బెజ్జంలోకి గట్టిగా తిప్పి స్లైడ్ హామర్ తగిలించండి. రాడ్డును షాఫ్ట్ నడుమ గీతకు సూటిగా పట్టుకోండి. పెద్ద దెబ్బ ఒకటి వేయడం కంటే చిన్న దెబ్బలు వరుసగా వేయండి. రెండు దెబ్బల మధ్య ప్లగ్ ఒక పక్కే కదులుతోందేమో చూడండి, వంగుతుంటే ఆపి రాడ్డు సరిచేయండి. స్క్రూ ఊడివస్తే బెజ్జం కొంచెం పెంచి తర్వాతి సైజు స్క్రూ వాడండి. తీసిన ప్లగ్ ముక్కలన్నీ పక్కన పెట్టి, బిళ్ల అంచు పూర్తిగా ఉందో లేదో చూసుకోండి. అంచులో ముక్క తక్కువైతే అది లోపలే ఉంది, వెతికి తీయాల్సిందే.

బోరు లోపల ఏం చూడాలి

ఇక్కడ ఆలస్యమైనా ఫరవాలేదు. మొదట కనిపించేది మడ్డి. షాఫ్ట్ నిమిషానికి 2,700 చుట్లు తిరుగుతుంటే ఆయిల్‌లోని బరువైన మలినాలన్నీ గోడకు చేరి, బూడిద రంగు బంకమట్టిలా పేరుకుంటాయి. 100ఎల్‌ఎల్ పెట్రోల్‌లోని సీసం అందులో ఉంటుంది, అందుకే గ్లవ్స్. ప్లాస్టిక్ బద్దతో గోకి, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో లోపలి నుంచి ముందుకే తుడవండి. వెనక్కి తోయకండి. ఇనుప బ్రష్, ఎమరీ కాగితం వద్దు.

మడ్డి పోయాక గోడ బయటపడుతుంది. నున్నగా, ఒకే రంగులో ఉంటే సంతోషం. గోధుమ మచ్చలు, వాటి నడుమ సూది మొనతో గుచ్చినట్టు గుంటలు ఉంటే ఆగిపోండి. ఫిక్స్‌డ్ పిచ్ ఇంజన్‌లో ఈ బోలులో ఆయిల్ పారదు, నిలవ ఉంటుంది. నిలవ ఆయిల్‌లోని తేమ, ఆమ్లాలు ఏళ్ల తరబడి గోడను తింటాయి. గుంట దగ్గర పగులు మొదలై షాఫ్ట్ విరిగిన సందర్భాల వల్లే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఏడీ (తప్పనిసరి భద్రతా ఆదేశం) 98-02-08 ఇచ్చింది, లైకమింగ్ సర్వీస్ బులెటిన్ 505బీ కూడా దీని గురించే. వర్తించే మోడళ్ల జాబితా వాటిలోనే ఉంది. ఎక్స్‌పెరిమెంటల్ (ఇలా ఇంట్లో కట్టుకున్న) విమానానికి ఏడీ కట్టుబాటు ఉందా లేదా అన్న వాదన ఒకటి ఎప్పుడూ నడుస్తుంటుంది. ఆ వాదన కాగితాల సంగతి, షాఫ్ట్‌కు ఆ తేడా తెలియదు. గుంట కనిపిస్తే షాఫ్ట్‌ను పరీక్ష చేసే షాపుకు చూపించాల్సిందే, గోకి నునుపు చేసి మూసేయకూడదు.

బోరు లోపల ఆయిల్ దారికి సంబంధించిన చిన్న స్టీల్ గొట్టం కనిపిస్తే దాన్ని రాడ్డుతో గానీ సుత్తితో గానీ తాకనివ్వకండి. అది వదులైతే గవర్నర్ ప్రెషర్ నిలవదు.

వెనక ప్లగ్

టార్చి వెలుగులో బోరు చివర వెనక ప్లగ్ చూడండి. ఫిక్స్‌డ్ పిచ్‌తో ఎగిరిన ఇంజన్ కాబట్టి మధ్యలో చిన్న బెజ్జం ఉండాలి, లేదా ప్లగ్ అసలు ఉండదు; లేకపోతే నేరుగా కొత్తది వేయడమే. ఆ బెజ్జం సుమారు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉంటుంది. మడ్డి పూడుకుని కనిపించకపోవచ్చు, అందుకే శుభ్రం చేశాకే చూడమనేది. బెజ్జం లేదనిపించినా పలచటి తీగ కొసతో నడిమధ్యలో తడిమి చూడండి. బెజ్జం ఉంటే ఆ ప్లగ్ మార్చాల్సిందే. వెల్డింగ్, ఎపాక్సీ, స్క్రూ బిగించి మూయడం లాంటివేవీ ఒప్పుకోవద్దు. ఆయిల్ వేడికి, ప్రెషర్‌కు అవి ఏదో ఒకరోజు వదులుతాయి.

తీసే పద్ధతి ముందుదానిలాగే, కాకపోతే లోతు ఎక్కువ, కన్ను, చెయ్యి సరిగా అందవు. బెజ్జం ముందే ఉంది కాబట్టి పొడిచే పని లేదు. పొడవు రాడ్డు కొసకు స్క్రూ బిగించి, దాని మొన మీద గ్రీజు ముద్ద పెట్టి నెమ్మదిగా తిప్పండి. కోసిన రజనంతా ఆ గ్రీజుకే అంటుకుంటుంది. రాడ్డు నడిమి గీతలో ఉండేందుకు బోరు ముఖం దగ్గర ప్లాస్టిక్ గానీ చెక్క గానీ గుండ్రంగా కోసి, మధ్యలో రంధ్రం పెట్టి, రాడ్డును దానిలోంచి పంపండి. పది నిమిషాల పని, గోడకు ఒక్క గీత పడదు. తర్వాత స్లైడ్ హామర్ దెబ్బలు.

ప్లగ్ వచ్చాక అయస్కాంతం పలచటి గుడ్డలో చుట్టి లోపల తిప్పండి, తీసి గుడ్డ చూడండి. నల్ల చుక్క ఒక్కటి ఉన్నా మళ్లీ తిప్పండి. ముక్కు కిందికే ఉంచి స్పిరిట్‌తో కడగండి. గుడ్డ మీద ఏమీ అంటనంతవరకు ఇది సాగాలి.

కొత్త ప్లగ్ కూర్చునే మెట్టును పొడిగా తుడవండి. సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్‌లో సీలెంట్ చెప్పి ఉంటే అదే, అంతే వాడండి. ఎక్కువైతే పిండుకొచ్చిన ముద్ద ఆయిల్ దారిలో అడ్డం పడుతుంది. ప్లగ్‌ను ఉబ్బు ముందువైపు వచ్చేలా పెట్టి, అంచు చుట్టూ మెట్టుకు సమంగా ఆనిందో లేదో టార్చితో చూడండి. తర్వాత ప్లగ్ కంటే కాస్త చిన్న ముఖం ఉన్న డ్రైవర్‌తో నడిమధ్యలో కొట్టాలి. ఉబ్బు కొద్దిగా అణగగానే బిళ్ల వ్యాసం పెరిగి గోడను బిగించి పట్టుకుంటుంది. ఇందులో కిటుకు ఎక్కడ ఆపాలో తెలియడమే. ఉబ్బు తగ్గిందని కంటికి తెలియాలి, పళ్లెంలా లోపలికి గుంట పడకూడదు. గుంట పడితే బిళ్ల పట్టు వదిలేసినట్టే. దాన్ని తీసి రెండోది వేయండి. చవక ప్లగ్‌ను ముందు బెంచి మీద, అదే వ్యాసం ఉన్న ఇనుప గొట్టంలో కొట్టి చెయ్యి అలవాటు చేసుకుంటే ఈ దెబ్బ అంచనాకు వస్తుంది.

ప్రొపెల్లర్ బిగించాక

హబ్‌లోని ఓ-రింగ్ కొత్తది వేసి ఇంజన్ ఆయిల్ రాయండి. నట్లను ఎదురెదురుగా, విడతలుగా, ప్రొపెల్లర్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించి సేఫ్టీ వైర్ వేయండి. ఓ-రింగ్ పొడిగా వేస్తే నలిగి తెగుతుంది, తొలి రన్‌లోనే ఆయిల్ చిమ్ముతుంది. ఆ ఆయిల్ ఎక్కడినుంచో మచ్చ చూసి చెప్పవచ్చు. స్పిన్నర్ (ప్రొపెల్లర్ ముందు టోపీ) లోపల, బ్లేడ్ల మొదళ్ల దగ్గర కనిపిస్తే ఓ-రింగ్ గానీ హబ్ గానీ. ఫ్లాంజ్ వెనక, క్రాంక్‌కేస్ ముక్కు చుట్టూ కనిపిస్తే షాఫ్ట్ సీల్. రెండూ తుడిచి, రెండు నిమిషాలు తిప్పి మళ్లీ చూస్తే తేడా తెలిసిపోతుంది.

బ్యాటరీ తిరిగి కలిపి, పై స్పార్క్ ప్లగ్‌లు లేకుండానే స్టార్టర్‌తో తిప్పి ఆయిల్ ప్రెషర్ రానివ్వండి. ఆ తర్వాతే స్పార్క్ ప్లగ్‌లు పెట్టి స్టార్ట్ చేయండి. ఆయిల్ వేడెక్కాక 1,700 ఆర్‌పీఎం దగ్గర ప్రొపెల్లర్ నాబ్‌ను వెనక్కి లాగి, ఆర్‌పీఎం తగ్గగానే ముందుకు తోయండి. మొదటిసారి కదలకపోవచ్చు, హబ్‌లో ఇంకా గాలే ఉంటుంది. మూడు, నాలుగు సార్లకు చురుగ్గా స్పందించాలి.

ఎన్నిసార్లు లాగినా అసలు కదలకపోతే ముందు ప్లగ్ తీయడం మర్చిపోయారేమో, గవర్నర్ పైపు, నాబ్ కేబుల్ సరిగా ఉన్నాయేమో చూడండి. ముందు ప్లగ్ లోపలే ఉన్నా ప్రొపెల్లర్ బిగించడానికి ఏ అడ్డూ ఉండదు, బయటికి ఏమీ తెలియదు. చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి, వేడెక్కాక నీరసంగా మారితే, లేదా ఆర్‌పీఎం ఒకచోట నిలవకపోతే ఆయిల్ ఎక్కడో జారిపోతోంది. చిక్కటి చల్లని ఆయిల్ చిన్న సందులోంచి జారదు, పలచబడ్డాక జారుతుంది. అందుకే ఈ పరీక్ష ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఇంకోసారి చేయాలి. వెనక ప్లగ్, ముందు బేరింగ్, గవర్నర్, ఈ మూడింటిలో ఒకటి కారణం. గవర్నర్ బెంచి పరీక్ష తేలిక, దానితోనే మొదలుపెట్టండి.

కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ బరువు ఎక్కువ, అదీ విమానం కొసన. విమానాన్ని మళ్లీ తూచి కొత్త వెయిట్ అండ్ బ్యాలెన్స్ రాయాలి. అమెరికాలో ఇప్పటికే ఎగురుతున్న విమానానికి ఈ మార్పు చేస్తే పెద్ద మార్పు కింద లెక్క. మీ ఆపరేటింగ్ లిమిటేషన్స్ ప్రకారం మళ్లీ టెస్ట్ ఫ్లయింగ్ గంటలు పూర్తి చేయాలి.

ఎప్పుడైనా తిరిగి ఫిక్స్‌డ్ పిచ్‌కు మారితే ముందు ప్లగ్ కొత్తది వేయడంతో పని అయిపోదు. వెనక ప్లగ్‌కు ముందుగా బెజ్జం పొడవాలి. అది మర్చిపోయి ముందు ప్లగ్ ఒక్కటే కొడితే బోలులో ప్రెషర్ పెరిగి, గాల్లో ఉండగా ఆ ప్లగ్ ఊడుతుంది. ఓ-360 ఆయిల్ సంపులో ఉండేది 8 క్వార్ట్‌లు (సుమారు ఏడున్నర లీటర్లు), ఆ రంధ్రంలోంచి అది పోవడానికి ఎక్కువ సేపు పట్టదు. ప్రొపెల్లర్ బిగించాక వెనక ప్లగ్ ఎవరికీ కనిపించదు కాబట్టి లాగ్‌బుక్‌లో మాట స్పష్టంగా ఉండాలి. “ముందు ప్లగ్ తీశాం. బెజ్జం ఉన్న వెనక ప్లగ్ తీసి, బెజ్జం లేని కొత్త ప్లగ్ వేశాం. బోరు శుభ్రం చేసి చూశాం, గుంటలు లేవు” అని తేదీ, ఇంజన్ గంటలు, ప్లగ్ పార్ట్ నంబర్‌తో రాయండి. తీసిన రెండు పాత ప్లగ్‌లను కవర్లో పెట్టి, తేదీ రాసి ఆ లాగ్‌బుక్‌తోపాటే ఉంచండి.